జీడితోటలో జాడలు, తెరమీద జాడలు: ఒక వన్యప్రాణి స్లాట్ ఆటను రోగితో కలిసి పరిశీలించిన కేసు

ఈ కేసు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతానికి చెందిన 26 ఏళ్ల యువకుడిది. రాయడానికి ఆయన రాతపూర్వకంగా అంగీకరించారు. ఆయనను గుర్తుపట్టే వీలు లేకుండా కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. ఆయన ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడినది స్లాట్ ఆట, అంటే బొమ్మల చక్రాలు తిరిగి ఆగే జూదం. ఆ ఆట పేరు మాత్రం కావాలనే రాయడం లేదు. పేరు రాస్తే దాన్ని వెతుక్కుని ఆడేవారు ఒక్కరైనా ఉంటారన్నది నా భయం.

ఆయనను శ్రీకాకుళం పట్టణంలోని నా క్లినిక్‌కు అక్కగారు తీసుకొచ్చారు. నిద్ర పట్టడం లేదని, ఎవరితోనూ మాట్లాడడం లేదని, తల్లి చెవి దిద్దులు కుదువలో ఉన్నట్టు ఈ మధ్యే తెలిసిందని ఆమె చెప్పారు. ఆయన పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో నెలకు 16,000 రూపాయల జీతానికి పనిచేస్తున్నారు. కుటుంబానికి రెండెకరాల జీడితోట ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు అందులో సగానికి పైగా చెట్లు కూలిపోయాయి. కొత్త మొక్కలు కాపుకు వచ్చేవరకు ఇల్లు గడవాలని ఆయన కొంతకాలం చెన్నైలో కట్టడం పనికి వెళ్లారు. ఆట పరిచయమైంది అక్కడే. తోటి పనివాడు పంపిన టెలిగ్రామ్ లింకుతో మొదలైందని చెప్పారు.

క్లినిక్‌కు వచ్చిన మొదటి రోజున, ఆటలో మొత్తం ఎంత పోయిందని అడిగితే, లక్ష లోపే ఉంటుందన్నారు. మరుసటి వారం అక్కగారు బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చారు. ముగ్గురం కూర్చుని 14 నెలల లావాదేవీలు పెన్సిలుతో గుర్తుపెట్టుకుంటూ కూడాం. ఆటలోకి వెళ్లింది 3,86,000 రూపాయలు, ఆట నుంచి ఖాతాకు తిరిగి వచ్చింది 1,12,400 రూపాయలు, పోయింది 2,73,600 రూపాయలు. ఆయన అబద్ధం చెప్పారని నేను అనుకోలేదు. వచ్చిన ప్రతి రూపాయీ ఆయనకు గుర్తుంది, పోయినవాటిలో చాలా మటుకు గుర్తు లేవు. అలా ఎందుకు జరిగిందో తెలుసుకోవాలంటే ఆటనే చూడాలన్న ఆలోచన నాకు అక్కడే మొదలైంది.

జూద సమస్య తీవ్రతను కొలిచే తొమ్మిది ప్రశ్నల సూచీలో ఆయనకు 27కు 19 వచ్చాయి. అందులో 8 గానీ అంతకు మించి గానీ వస్తే జూద సమస్య ఉన్నట్టు లెక్క. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికన్ గ్రంథం) జూద రుగ్మతను వ్యసనాల వర్గంలో చేర్చి తొమ్మిది లక్షణాలు చెప్పింది. ఏడాది కాలంలో నాలుగు కనిపిస్తే రుగ్మతగా పరిగణించాలి, ఆయనలో ఏడు కనిపించాయి. దిగులు కూడా ఉంది. చనిపోవాలన్న ఆలోచన వచ్చిందా అని సూటిగానే అడిగాను. ఒకటి రెండుసార్లు వచ్చిందని, ఏమీ చేసుకోవాలనుకోలేదని చెప్పారు. ఆ రాత్రుళ్లు ఆయనను ఒంటరిగా ఉంచవద్దని అక్కగారికి చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఇద్దరి ఫోన్లలోనూ ఎక్కించి, మందుల అవసరం చూడమని మానసిక వైద్యుల దగ్గరకు పంపాను. ఈ పని ముందు జరగాలి. ఆట సంగతి ఆ తరువాతే.

మొదటి రెండు సమావేశాల్లో నేను చెప్పినదానికల్లా ఆయన తల ఊపారు. జూదంలో చివరికి పోవడమే ఉంటుందన్న మాట ఆయన ఇంట్లో చాలాసార్లు విన్నదే. మూడో సమావేశంలో మొదటిసారి నా మాటకు అడ్డు చెప్పారు. "లేదు మేడం, అది ఊరికే గుడ్డిగా ఆడీది కాదు. సూసీవోడికి తెలుస్తాది. ఏనుగు వచ్చీముందు తెలిసిపోతాది." చికిత్స దారి మార్చుకున్నది ఈ మాట వల్లనే. ఆయన తనను తాను జూదరిగా అనుకోవడం లేదు. జాడ పట్టగలిగినవాడిగా అనుకుంటున్నారు.

ఆటను ఎలా చూశాను

డబ్బు పెట్టకుండా ఆడే డెమోలో నేను ఒక్కదాన్నే మూడు సాయంత్రాలు కూర్చున్నాను. ఫోన్ తెరను రికార్డు చేస్తూ, ఒక్కో స్పిన్‌కు, అంటే చక్రాలను ఒకసారి తిప్పడానికి, 20 రూపాయల చొప్పున 200 స్పిన్‌లు కొట్టి, ప్రతిదాని ఫలితం నోటు పుస్తకంలో రాశాను. రోగికి ఆ ఆటను మళ్లీ చేతికివ్వడం ప్రమాదం కనుక ఆయనకు ఫోన్ ఇవ్వలేదు. తరువాత చూపించినది కూడా శబ్దం తీసేసిన రికార్డింగే, అదీ అక్కగారు పక్కన ఉండగానే.

తెరమీద ఐదు నిలువు చక్రాలు ఉంటాయి, ఒక్కోదాంట్లో మూడు గళ్లు కనిపిస్తాయి. వెనుక ఆఫ్రికా గడ్డిమైదానం, అస్తమిస్తున్న సూర్యుడు. ఎక్కువ డబ్బు ఇచ్చే బొమ్మలు ఏనుగు, ఖడ్గమృగం, సింహం, చారల గుర్రం. తక్కువ ఇచ్చేవి పేకముక్కల అక్షరాలు, పది అంకె. ఏ బొమ్మకు బదులైనా పనికొచ్చే వైల్డ్ గుర్తుగా ఒక పెద్ద చెట్టు, పందం లేకుండా తిరిగే ఫ్రీ స్పిన్స్ తెచ్చే స్కాటర్ గుర్తుగా ఒక పాదముద్ర ఉన్నాయి. గెలుపు గీతలు 20. కనుక 20 రూపాయలు పెట్టామంటే గీతకు ఒక రూపాయి పెట్టినట్టు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఒక గీత మీద మూడు పదులు వరుసగా పడితే గీత పందానికి ఐదు రెట్లు, అంటే ఐదు రూపాయలు వస్తాయి. మనం పెట్టింది 20. పోయింది 15. కానీ ఆ క్షణంలో గీత మెరుస్తుంది, నాణేలు గలగలమంటాయి, పసుపు అక్షరాల్లో గెలుపు 5 అని పడుతుంది. మిగతా 15 రూపాయలు ఏమయ్యాయో తెర చెప్పదు. నా 200 స్పిన్‌లలో 58 సార్లు గెలుపు అని పడింది. వాటిలో 36 సార్లు వచ్చింది 20 రూపాయల కన్నా తక్కువ. పెట్టినదాని కన్నా ఎక్కువ వచ్చింది 22 సార్లే. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇటువంటివాటిని గెలుపు వేషం వేసుకున్న ఓటములుగా వర్ణించారు. అటువంటి క్షణంలో ఆటగాడి చర్మంలో కనిపించే ఉద్రేకం నిజమైన గెలుపులో కనిపించేదానికి దగ్గరగా ఉంటుందని వారు 2010లో చూపించారు. వచ్చినవన్నీ ఆయనకు గుర్తుండి, పోయినవి గుర్తులేకపోవడానికి ఇది చాలా వరకు కారణమని నేను భావిస్తున్నాను. బ్రిటన్ జూద నియంత్రణ సంస్థ 2021 అక్టోబరు చివరి నుంచి, పెట్టినదానికి మించి రాని స్పిన్‌కు గెలుపు శబ్దాలు, మెరుపులు పెట్టకూడదని ఆన్‌లైన్ స్లాట్‌లకు నిబంధన తెచ్చింది. ఈ ఆట నడిచే సైటుకు ఆ నిబంధన వర్తించదు.

మొత్తం మీద 4,000 రూపాయల పందానికి 3,130 రూపాయలు తిరిగి వచ్చాయి. 870 పోయాయి. అంటే తిరిగి వచ్చింది 78 శాతం పైచిలుకు. ఆట సమాచార పేజీలో తిరిగి వచ్చే శాతం 96 అని ఉంది. దీన్నిబట్టి ఆ పేజీ అబద్ధమని నేను అనడం లేదు. ఎక్కువసేపు ఏమీ ఇవ్వకుండా ఉండి ఒక్కసారిగా ఇచ్చే ఇటువంటి ఆటల్లో 200 స్పిన్‌లు దేన్నీ రుజువు చేయలేవు, లక్షల స్పిన్‌లు కావాలి. అయితే ఒకే ఆటకు 96, 94, 92 ఇలా పలు శాతాలతో కూర్పులు తయారుచేసి సైట్లకు ఇవ్వడం ఈ పరిశ్రమలో మామూలే. లైసెన్సు ఉన్న దేశాల్లో స్వతంత్ర ప్రయోగశాలలు వాటిని పరీక్షిస్తాయి. టెలిగ్రామ్ లింకుతో తెరుచుకునే సైటులో డెమోకు, డబ్బుతో ఆడే ఆటకు తేడా లేదని హామీ ఇచ్చేవారు ఎవరూ లేరు.

ఆ 96 శాతాన్ని నిజమనే అనుకుని ఆయనతో లెక్క వేయించాను. వెయ్యి రూపాయలు వేస్తే 960 మిగులుతాయన్నది ఆయన ఊహ. కానీ ఆ శాతం వేసిన డబ్బుకు కాదు, కొట్టిన ప్రతి స్పిన్‌కు. వెయ్యిని ఒకసారి పూర్తిగా తిప్పితే 960, ఆ 960ని మళ్లీ తిప్పితే 921. అలా 17 సార్లు తిరిగేసరికి సగటున సగమే ఉంటుంది. మధ్యలో ఆగే సమయంతో కలిపి స్పిన్‌కు ఆరు సెకన్లు అనుకుంటే గంటకు 600 స్పిన్‌లు. 20 రూపాయల చొప్పున గంటలో తిరిగేది 12,000, అందులో పోయేది సగటున 480. ఆయన చివరి నెలల్లో 100 రూపాయల చొప్పున ఆడారు. అంటే గంటకు 2,400. క్యాలుక్యులేటర్ ఆయన చేతిలోనే ఉంది. తన జీతాన్ని 2,400తో భాగించి, ఏడు గంటలు కూడా రాలేదని చూసి, మళ్లీ భాగించారు.

పాదముద్రల సంగతి

డబ్బు లెక్క ఆయనను కదిలించింది కానీ ఏనుగు వచ్చే ముందు తెలుస్తుందన్న నమ్మకాన్ని కదల్చలేదు. దానికి ఆట బొమ్మల దగ్గరకే వెళ్లవలసి వచ్చింది.

ఉద్దానంలో జీడితోట ఉన్నవారికి ఎలుగుబంటి సంగతి తెలియనిది కాదు. వేసవిలో జీడిపళ్లకు, ఆ తరువాత పనసపళ్లకు అవి కొండల మీది నుంచి తోటల్లోకి దిగుతాయి. పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మనుషుల మీద పడ్డ సందర్భాలు కూడా ఉన్నాయి. ఈయన పదేళ్ల వయసు నుంచి తండ్రి వెంట తెల్లవారుజామున జీడిపిక్కలు ఏరడానికి వెళ్లేవారు. చేతిలో రేకు డబ్బా, కర్ర. ముందు తండ్రి, వెనుక ఈయన. చెదపుట్ట కొత్తగా తవ్వి ఉంటే, పనసకాయ చీల్చి పడేసి ఉంటే, పెంటలో జీడిపళ్ల పిప్పి ఇంకా తడిగా ఉంటే ఆ పక్కకు పోకూడదు. అవన్నీ ఆయన నాకు చెబుతున్నప్పుడు మూడు వారాలుగా నేను చూడని మనిషి కనిపించారు. గొంతు పెరిగింది. కంప లోపల ఎలుగు పడుకున్న చోట గడ్డి ఏ వైపుకు వాలి ఉంటుందో తన అరచేతిని బల్ల మీద వాల్చి చూపించారు.

ఈ నేర్పు నిజమైనది, ప్రాణాలు కాపాడినది. ఆటలో స్కాటర్‌గా పాదముద్రను పెట్టినవారికి ఉద్దానం తెలియకపోవచ్చు. కానీ ఆ గుర్తు పిలిచేది సరిగ్గా ఈ నేర్పునే. మొదటి చక్రాల్లో రెండు పాదముద్రలు పడగానే మిగతా చక్రాల వేగం తగ్గుతుంది, గుండె కొట్టుకున్నట్టు డప్పు మోగుతుంది, దూరంలో ఏనుగు ఘీంకరిస్తుంది. మూడో ముద్ర పడితే ఫ్రీ స్పిన్స్. పడకపోతే చక్రం సరిగ్గా ఒక గడి ముందో వెనుకో ఆగిపోయినట్టు కనిపిస్తుంది. మూడో ముద్ర తప్పిన ప్రతిసారీ పందం పోయిందని కాక మృగం దగ్గరలోనే ఉందని ఆయన అర్థం చేసుకున్నారు. రెండేసి ముద్రలు నాలుగైదుసార్లు పడితే పందం పెంచేవారు. తొండం పైకెత్తిన ఏనుగు శుభమన్న భావం కూడా దీనికి తోడైంది. వినాయక చవితి రోజున 9,000 రూపాయలు వేసినట్టు స్టేట్‌మెంట్‌లో ఉంది.

కొద్దిలో తప్పిన ఫలితం ఆడాలన్న కోరికను పెంచుతుందని, గెలుపుకు స్పందించే మెదడు భాగాలే దానికీ స్పందిస్తాయని ల్యూక్ క్లార్క్ బృందం 2009లో ప్రచురించింది. కానీ పరిశోధన పేరు చెబితే ఆయనకు ఒరిగేది ఏమీ లేదు. కనుక కాగితం మీదకు వచ్చాను. ఒక్కో చక్రం మీద 30 బొమ్మలు ఉన్నాయని, అందులో పాదముద్ర ఒకటేనని అనుకుందాం. మూడు గళ్లు కనిపిస్తాయి కనుక ఒక చక్రంలో ముద్ర కనిపించే అవకాశం పదింట ఒకటి. ఐదు చక్రాల్లో మూడు లేదా అంతకు మించి పడే అవకాశం సుమారు 117 స్పిన్‌లకు ఒకసారి. సరిగ్గా రెండే పడే అవకాశం 14 స్పిన్‌లకు ఒకసారి. అంటే ఎవరూ ఏ మోసమూ చేయకపోయినా, మూడు ఒకసారి పడేలోపు రెండు ఎనిమిది తొమ్మిదిసార్లు పడతాయి. నా నోటు పుస్తకంలో రెండు పడినవి 15 స్పిన్‌లు, మూడు పడింది ఒక్కటే. ఆ ఒక్కదాని ఫ్రీ స్పిన్స్‌లో 1,180 రూపాయలు వచ్చాయి. రెండు పడినప్పుడు ఏం జరిగిందో, ఆ తరువాతి పది స్పిన్‌లలో ఏం జరిగిందో ఆయన చేతే గళ్లు గీయించి నింపించాను. రెండు ముద్రల తరువాత ఏనుగులు ఎక్కువగా వచ్చిన దాఖలా ఆయనకు దొరకలేదు. 117 స్పిన్‌లు కొట్టినా ఒక్కసారి కూడా ఫ్రీ స్పిన్స్ రాకపోవడానికి 37 శాతం అవకాశం ఉందన్న లెక్క కూడా అప్పుడే చెప్పాను. ఇంతసేపు రాలేదు కనుక ఇక వచ్చి తీరాలన్నది ఆయన రెండో నమ్మకం.

ఆ తరువాత ఆట ఎలా పనిచేస్తుందో వివరించాను. 1890లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే చేసిన లిబర్టీ బెల్ యంత్రంలో మూడు చక్రాలు నిజంగానే తిరిగి, నిజంగానే ఆగేవి. 1984లో ఇంగె టెల్నాస్ అనే ఆయన పేటెంటు పొందిన పద్ధతితో చక్రం తిరగడానికీ ఫలితానికీ ఉన్న సంబంధం తెగిపోయింది. కంప్యూటరు ముందుగా ఒక యాదృచ్ఛిక సంఖ్యను ఎంచుకుంటుంది, చక్రం ఎక్కడ ఆగాలో ఆ సంఖ్యే నిర్ణయిస్తుంది. ఈనాటి ఫోన్ ఆటలో చక్రం లేనే లేదు. మనం స్పిన్ నొక్కిన క్షణానికే ఫలితం తేలిపోయి ఉంటుంది. ఆ తరువాత డప్పు, నెమ్మదించడం, ఘీంకారం అన్నీ బొమ్మలాట.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. రికార్డింగును వెనక్కి తిప్పి రెండు పాదముద్రలు పడ్డ చోట ఆపమన్నారు. తరువాత అక్కగారి వైపు తిరిగి అన్నారు: "అప్పా, మన తోటలో ఎలుగు వచ్చెల్లినాకే కదా జాడ పడతాది. ఇక్కడ జాడ ఎలుగు ఎయ్యనేదు. రాదని తెలిసినోడే గీసి ఎట్టినాడు."

నేను చెప్పదలచుకున్నదానికన్నా ఇది మెరుగ్గా ఉంది. తోటలోని జాడ ఒక జంతువు నడిచిన ఫలితం కనుక అది సమాచారం. తెరమీది జాడ ముందే తేలిన ఫలితానికి తరువాత వేసిన అలంకారం. జాడ చదవడం తెలియని పట్టణపు యువకుడికి ఈ ఆట అలవాటు కాదని నేను అనడం లేదు. పళ్ల బొమ్మలతో, రత్నాల బొమ్మలతో ఉన్న ఆటలూ మనుషులను ముంచుతూనే ఉన్నాయి. అయితే ఈ రోగి విషయంలో అడవి బొమ్మ కేవలం రంగు కాదు, ఆయన తండ్రి దగ్గర నేర్చుకున్నదాన్ని అరువు తెచ్చుకున్న పట్టుకొమ్మ అది. ఒడిశా వైపు నుంచి దిగిన ఏనుగులు శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో వరి తొక్కేసిన పొలాలు ఆయన చూసినవే. ఏనుగు వస్తే లాభమన్నది ఆ తెర దాటి బయట ఆయన ఎక్కడా ఎరగని సంగతి, ఆ మాట కూడా ఆయనే అన్నారు.

మిగతా చికిత్స

జీతం అక్కగారి ఖాతాకు మళ్లించడం, యూపీఐ పరిమితి తగ్గించడం, టెలిగ్రామ్ తీసేయడం, లోన్ యాప్‌ల బాకీలు ఒక కాగితం మీద రాసి వడ్డీ ఎక్కువ ఉన్నదాన్ని ముందు తీర్చడం వంటివి మామూలుగా చేసేవే చేశాం. డిపాజిట్లు ప్రతిసారీ వేర్వేరు వ్యక్తుల పేర్ల మీద ఉన్న యూపీఐ ఐడీలకు వెళ్లినట్టు స్టేట్‌మెంట్‌లో కనిపించింది. పోలీసుల దగ్గరకు వెళ్తే తమవాడినే పట్టుకుంటారని తల్లి భయపడ్డారు. భయానికి కారణం లేకపోలేదు. 2020లో సవరించిన మన రాష్ట్ర గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, ఆడినవారికీ శిక్ష పెట్టింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం మాత్రం నడిపేవారిని, ప్రకటనలు ఇచ్చేవారిని శిక్షిస్తుంది, ఆడినవారికి శిక్ష పెట్టలేదు. ఫిర్యాదు విషయం న్యాయవాదితో మాట్లాడి నిర్ణయించుకోమని చెప్పి, అది మా పని కాదు కనుక అంతటితో ఆగాను.

పన్నెండు సమావేశాలు జరిగాయి. సంక్రాంతి పండుగ రోజుల్లో ఒకసారి జారారు. స్నేహితుడి ఫోన్‌లో 600 రూపాయలు వేసి, అవి పోయాక ఆ రాత్రే అక్కగారికి చెప్పారు. రెండు పాదముద్రలు పడ్డప్పుడు ఏమనిపించిందని అడిగాను. డప్పు మోగగానే చెయ్యి వణికిందని, జాడ అబద్ధమని తెలిసినా వణికిందని చెప్పారు. తెలియడం వేరు, ఒంటికి అలవాటు పోవడం వేరు. శబ్దం తీసేసిన రికార్డింగునే చూపించి నేను తప్పు చేశానా అని దీని తరువాత ఆలోచించాను. కోరికను పుట్టించేది ఎక్కువగా ఆ డప్పే అయినప్పుడు, దాన్ని వింటూ ఆడకుండా కూర్చోవడం క్లినిక్‌లోనే నేర్పి ఉండవలసింది. తరువాతి రెండు సమావేశాల్లో తక్కువ శబ్దంతో మొదలుపెట్టి ఆ పని చేశాం. రెండో సమావేశం చివరికి ఆయన చేతులు బల్ల మీద కదలకుండా ఉన్నాయి.

చివరిసారి వచ్చినప్పుడు జూద సూచీలో 5 ఉంది. నిద్ర పడుతోంది. బాకీలో ఇంకా 1,40,000 రూపాయలు ఉన్నాయి, తల్లి దిద్దులు ఇంకా కుదువలోనే ఉన్నాయి. జీడికాపు మొదలైందని, ఫ్యాక్టరీకి వెళ్లే ముందు తెల్లవారుజామున తండ్రితో కలిసి తోటకు వెళ్తున్నానని చెప్పారు. వచ్చే నెల రెండో మంగళవారానికి సమయం ఇచ్చాను. పిక్కలు ఏరే రోజులు కనుక మధ్యాహ్నం పెట్టమని అడిగారు, అలాగే పెట్టాను.